మాస్టర్ ప్లాన్‌ను ఆరోగ్య సూచికలతో మదింపు చేయడం: ఏవి తీసుకోవాలి, ఎలా లెక్కకట్టాలి, ఎక్కడ దెబ్బతింటాం

ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇరవై ఏళ్లకు ఉద్దేశించిన పట్టణాభివృద్ధి ప్రణాళిక ముసాయిదా తయారైంది. దాన్ని ఆరోగ్య సూచికలతో మదింపు చేయాలి. చేతిలో ఉన్నవి సగటు ఆయుర్దాయం, శిశు మరణాల రేటు, ఆస్పత్రుల్లో చేరికల లెక్కలు. ఇవి చాలతాయా? ఇంకేం కావాలి?

ఇవి ఉండాలి, కానీ వీటితో ప్రణాళిక మంచీ చెడూ తేలదు. ఊరంతటికీ ఒకే అంకెగా వచ్చే ఆయుర్దాయంలో టీకాలు, ఆదాయం, పొగాకు, వైద్యం, వలసలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. అది పెరిగితే రోడ్డు వెడల్పు చేసినందువల్ల పెరిగిందని చెప్పలేం, తగ్గితే పార్కు తీసేసినందువల్ల తగ్గిందనీ చెప్పలేం. ప్రణాళికకు పనికొచ్చే సూచికకు ఒకే పరీక్ష: పటం మీద ఒక గీత మారిస్తే ఈ అంకె కదలాలి, ఈ అంకె కదిలితే పటం మీద ఏ గీత మార్చాలో తెలియాలి. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు లేని సూచికను నేపథ్య సమాచారంగా ఒక పేజీలో పెట్టి పక్కన ఉంచండి.

కాబట్టి డేటా దగ్గర కాదు, ప్రణాళిక దగ్గర మొదలుపెట్టండి. అందులోని ఒక్కో ప్రతిపాదనను తీసుకుని అది మనిషి శరీరం దాకా ఏ దారిన వెళ్తుందో కాగితం మీద గొలుసులా రాయండి. ఉదాహరణకు నివాస ప్రాంతం మధ్య నుంచి ఆరు వరుసల రోడ్డు. మొదటి కొలికి: వాహనాల సంఖ్య, వేగం. రెండోది: పక్కనున్న ఇళ్ల దగ్గర నైట్రోజన్ డయాక్సైడ్, సూక్ష్మ ధూళి, రాత్రి శబ్దం, రోడ్డు దాటడానికి పట్టే సమయం. మూడోది: నడక తగ్గడం, నిద్ర చెడడం, పిల్లలు ఆరుబయట ఆడకపోవడం. నాలుగోది: ఆస్తమా, గుండె జబ్బు, ప్రమాద గాయాలు, మరణాలు. చాలామంది నాలుగో కొలికి దగ్గరే కొలత మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ప్రణాళిక చేతిలో ఉండేవి మొదటి మూడూ. అవే ముందు కదులుతాయి, అవే తక్కువ ఖర్చుతో కొలవొచ్చు, తప్పు జరిగితే సరిదిద్దే వ్యవధి కూడా అక్కడే దొరుకుతుంది.

ప్రతి గొలుసు నుంచి రెండు మూడు సూచికలు చాలు. అన్ని గొలుసులూ కలిపి పన్నెండు, పదిహేను దాటకుండా చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో నగరాల్లోని ఆరోగ్య అసమానతలను అంచనా వేయడానికి తెచ్చిన అర్బన్ హార్ట్ పద్ధతిలో కూడా ప్రధాన సూచికలు పన్నెండే. శిశు మరణాలు, మధుమేహం, క్షయ, రోడ్డు ప్రమాద గాయాలు ఒకవైపు. సురక్షిత నీరు, మరుగుదొడ్డి, ప్రాథమిక విద్య, టీకాలు, పొగాకు వాడకం, నిరుద్యోగం వంటివి రెండోవైపు. ఆ జాబితాను యథాతథంగా దించుకోవద్దు. అది నగరం ఎక్కడ నిలబడి ఉందో చెప్పడానికి పుట్టింది. ప్రణాళికలోని ఒక ప్రతిపాదనకూ ఇంకో దానికీ తేడా తేల్చడానికి అందులో సగం పనికిరావు. అందులో నేర్చుకోవాల్సింది వేరే ఉంది: ప్రతి సూచికనూ నగర సగటుగా కాక ప్రాంతాలవారీగా, వర్గాలవారీగా పక్కపక్కన పెట్టి చూడటం.

కొలవదగ్గ వాటికి గట్టి హద్దులు ఇప్పటికే ఉన్నాయి. గాలికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు తీసుకోండి. పీఎం 2.5 (ఊపిరితిత్తుల లోతుకు చేరే సూక్ష్మ ధూళి) వార్షిక సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు, 24 గంటల సగటు 15. నైట్రోజన్ డయాక్సైడ్ వార్షిక సగటు 10. ధూళి ఎక్కువున్న నగరం ఒక్క అడుగులో 5కు చేరదు కనుక 35, 25, 15, 10 అని మధ్యంతర లక్ష్యాలు కూడా అందులోనే ఉన్నాయి. ప్రణాళిక పదేళ్లలో ఏ మెట్టుకు చేరుస్తుందో రాయండి. శబ్దానికి అదే సంస్థ యూరప్ ప్రాంతానికి 2018లో ఇచ్చిన సిఫార్సు: రోడ్డు వాహనాల నుంచి రోజంతటి సగటు 53 డెసిబెల్స్ లోపు, రాత్రి 45 లోపు. ఆ రోజంతటి సగటులో సాయంత్రపు శబ్దానికి 5, రాత్రి శబ్దానికి 10 డెసిబెల్స్ అదనంగా కలుపుతారు. అందుకే పగటిపూట ఒక గంట మీటరు పెట్టి తీసిన అంకెను దీనితో పోల్చకూడదు. పచ్చదనానికి ప్రతి ఇంటి నుంచి 300 మీటర్లలో కనీసం అర హెక్టారు నుంచి హెక్టారు దాకా ఉన్న బహిరంగ స్థలం అనే కొలమానం యూరప్‌లో వాడుకలో ఉంది. ఐక్యరాజ్య సమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో బహిరంగ స్థలానికి 400 మీటర్ల నడక, బస్సు స్టాపుకు 500 మీటర్లు, రైలు, మెట్రో వంటి భారీ రవాణాకు కిలోమీటరు లెక్క.

దూరాల దగ్గర ఒక తప్పు దాదాపు ప్రతి నివేదికలోనూ కనిపిస్తుంది. పార్కు చుట్టూ వృత్తం గీసి లోపలున్న జనాభాను లెక్కేస్తారు. గోడ, కాలువ, రైలు పట్టాలు, దాటలేని రోడ్డు అడ్డుంటే సరళరేఖలో 300 మీటర్లు నడకలో 900 అవుతుంది. వీధుల జాలం మీద, పార్కుకు నిజంగా గేటు ఉన్న చోటు నుంచి దూరం తీయండి. గేటు తెరిచి ఉండే వేళలు, ప్రవేశ రుసుము కూడా నమోదు చేయండి. రుసుము వసూలు చేసే పార్కును అందుబాటులో ఉన్న బహిరంగ స్థలంగా చూపించడం నా దృష్టిలో తప్పుడు లెక్కే.

ప్రతి సూచికకూ ఒక పేజీ విడిగా తయారుచేయండి. లవం ఏమిటి, హారం ఏమిటి, ఏ ప్రాంతం, ఏ కాలం, ఎవరు సేకరిస్తారు, ఎన్నాళ్లకోసారి, అంకె ఎటు కదిలితే మంచిది, ప్రతిపాదన అమలయ్యాక ఎంతకాలానికి కదలాలి, ఏ హద్దు దాటితే ప్రణాళికలో ఏ భాగం మార్చాలి. ఈ చివరి గడి చాలా నివేదికల్లో ఖాళీగా ఉంటుంది. అది నింపకపోతే మిగతా గడులన్నీ అలంకారమే. "ఈ రోడ్డు పక్కన బడి ఆవరణలో నైట్రోజన్ డయాక్సైడ్ వార్షిక సగటు 40 దాటితే భారీ వాహనాలను ఉదయం 7 నుంచి సాయంత్రం 5 దాకా మళ్లిస్తాం" అని ముందే రాసుకుంటే తర్వాత వాదన ఉండదు. సూచికలనూ హద్దులనూ పని మొదలుకాక ముందే ఖరారు చేసి ప్రకటించండి. ఫలితాలు వచ్చాక ఎంచుకునే సూచికలు ఎప్పుడూ ప్రణాళిక బాగుందనే చెబుతాయి.

ఇక అంచనా వేసే దశ. అమలుకు ముందు ప్రత్యామ్నాయాలను పోల్చాలంటే లెక్క కష్టమేమీ కాదు, నాలుగు అంకెలు చాలు: ఎంతమంది, వాళ్లలో ఇప్పటి మరణాల రేటు ఎంత, కాలుష్యం లేదా అలవాటు ఎంత మారుతుంది, ఆ మార్పుకు ముప్పు ఎంత మారుతుంది. పీఎం 2.5కు దీర్ఘకాలిక మరణాల ముప్పు ప్రతి 10 మైక్రోగ్రాములకు 1.08 రెట్లు అన్నది 2021 మార్గదర్శకాల వెనకున్న పరిశోధనల సమీక్షలో తేలిన విలువ. ఒక ప్రాంతంలో 30 ఏళ్లు దాటినవారు 1,00,000 మంది, ఏడాదికి వెయ్యికి 10 మరణాలు అనుకుందాం. అంటే ఏటా 1,000. ప్రణాళిక వల్ల సగటు 40 నుంచి 35కు తగ్గుతుందని గాలి మోడల్ చెప్పింది. 5 మైక్రోగ్రాములకు ముప్పు 1.08 వర్గమూలం, అంటే 1.039. అందులోంచి 1 తీసేసి మళ్లీ 1.039తో భాగిస్తే 0.0377. దాన్ని 1,000తో గుణిస్తే ఏటా దాదాపు 38 మరణాలు. ఇది స్థిరపడ్డాక వచ్చే అంకె, మొదటి ఏడాదే రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉచితంగా ఇచ్చే ఎయిర్‌క్యూ ప్లస్ సాఫ్ట్‌వేర్ ఈ లెక్కనే విశ్వాస అవధులతో (అసలు విలువ ఉండగల కింది, పై హద్దులతో) సహా చేసిపెడుతుంది. అయినా ఒకసారి చేత్తో చేయండి. ఏ అంకె మారిస్తే జవాబు ఎంత ఊగుతుందో అప్పుడే అర్థమవుతుంది.

ఇక్కడ జాగ్రత్తపడాల్సింది రెండుసార్లు లెక్కపెట్టడం. పీఎం 2.5, నైట్రోజన్ డయాక్సైడ్ రెండూ ఒకే పొగగొట్టం నుంచి కలిసి వస్తాయి. ఒకదానికి కట్టిన ముప్పులో రెండోదాని వాటా కొంత ఉంటుంది. రెండింటికీ విడివిడిగా మరణాలు లెక్కకట్టి కూడితే అంకె పెరిగిపోతుంది. ఒకదాన్ని ప్రధానంగా తీసుకుని రెండోదాన్ని విడిగా చూపించండి, కూడవద్దు.

నడక, సైకిల్ విషయంలో అదే సంస్థ రూపొందించిన హీట్ అనే లెక్కల సాధనం ఉంది. వారానికి 168 నిమిషాల నడకకు మరణాల ముప్పు 11 శాతం, 100 నిమిషాల సైకిల్‌కు 10 శాతం తగ్గుతుందని అది తీసుకుంటుంది. నడకకు 20 నుంచి 74 ఏళ్ల వారినీ, సైకిల్‌కు 20 నుంచి 64 ఏళ్ల వారినీ మాత్రమే లెక్కలోకి తెస్తుంది. లాభం నిమిషాలతో పాటు సరళంగా పెరుగుతుంది, కానీ నడకకు 30, సైకిల్‌కు 45 శాతం దగ్గర ఆగుతుంది. ఫుట్‌పాత్‌ల జాలం వేస్తే 10,000 మంది పెద్దలు వారానికి 84 నిమిషాలు అదనంగా నడుస్తారనుకోండి. ముప్పు 5.5 శాతం తగ్గుతుంది. వెయ్యికి 5 మరణాల చొప్పున ఏటా 50 ఉంటే తప్పేవి 2.75. ఈ చిన్న అంకె చూసి నిరాశపడనక్కర్లేదు, పదేళ్లు కూడండి. తప్పు జరిగేది ఆ 84 నిమిషాల దగ్గర. కొత్త ఫుట్‌పాత్ మీద కనిపించిన వాళ్లందరినీ కొత్తగా నడుస్తున్నవాళ్లుగా లెక్కేస్తారు. వాళ్లలో చాలామంది నిన్నటిదాకా పక్క వీధిలో నడిచినవాళ్లే. అందుకే ఫుట్‌పాత్ మీద మనుషుల్ని లెక్కపెట్టడంతో పాటు ఇంటింటి సర్వేలో "గత ఏడు రోజుల్లో మొత్తం ఎన్ని నిమిషాలు నడిచారు" అని కూడా అడగాలి.

అంచనా లెక్కలు ఎందుకు విడదీసి చూపాలో బార్సిలోనా ఉదాహరణ బాగా చెబుతుంది. వాహనాలను లోపలి వీధుల్లోంచి తప్పించే సూపర్‌బ్లాక్‌లు నగరమంతా 503 కడితే ఏటా 667 అకాల మరణాలు తప్పుతాయని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అందులో నైట్రోజన్ డయాక్సైడ్ తగ్గడం వల్ల 291, శబ్దం వల్ల 163, వేడి తగ్గడం వల్ల 117, పచ్చదనం వల్ల 60, శారీరక శ్రమ పెరగడం వల్ల 36. మొత్తం అంకె ఒక్కటే చూస్తే ఇది మంచి పథకం అని మాత్రమే తెలుస్తుంది. విడదీస్తే వాహనాలు నిజంగా తగ్గకపోతే సగానికి పైగా లాభం పోతుందని తెలుస్తుంది. అప్పుడు పర్యవేక్షణ ఎక్కడ పెట్టాలో కూడా తేలిపోతుంది: చెట్ల లెక్క కంటే ముందు వాహనాల లెక్క. ఇంకో మాట, ఇది మోడల్ ఇచ్చిన అంచనా, లెక్కపెట్టిన మరణాలు కావు. మీ నివేదికలో కూడా అంచనా వేసినవీ కొలిచినవీ ఒకే పట్టికలో కలపవద్దు.

రోడ్డు భద్రతకు మరణాల కంటే వేగం మంచి ముందస్తు సూచిక. సగటు వేగం తగ్గిన నిష్పత్తికి నాలుగో ఘాతం మేరకు ప్రాణాంతక ప్రమాదాలు తగ్గుతాయని స్వీడన్ పరిశోధకుడు గోరాన్ నిల్సన్ నమూనా చెబుతుంది. నగర వీధులకు ఆ ఘాతాన్ని మూడు దగ్గర తీసుకోవడం మేలు. సగటు 50 నుంచి 45 కిలోమీటర్లకు తగ్గితే 0.9 ఘనం 0.73, అంటే నాలుగో వంతుకు పైగా తగ్గుదల. బోర్డు మీద రాసిన వేగం కాదు, వాహనాలు వెళ్లే వేగం కొలవాలి. నూటికి 85 వాహనాలు ఏ వేగం లోపు వెళ్తున్నాయో ఆ అంకె, పని రోజు రద్దీ లేని వేళ, ప్రతి చోటా కనీసం 100 వాహనాలకు తీయండి. పాదచారులు, సైకిళ్లు వాహనాలతో కలిసే చోట గంటకు 30 కిలోమీటర్ల పరిమితి ఉండాలని 2020 స్టాక్‌హోమ్ ప్రకటన కోరింది. అలాంటి వీధుల పొడవులో ఎంత శాతం ఈ వేగం లోపు ఉందన్నది నాకు తెలిసినంతలో అత్యంత ఉపయోగపడే పట్టణ ఆరోగ్య సూచికల్లో ఒకటి.

ప్రమాదాల లెక్కలే వాడాల్సి వస్తే రెండు సంగతులు. పోలీసు రికార్డుల్లో పాదచారుల, సైకిల్ వారి గాయాలు తక్కువగా నమోదవుతాయి. అత్యవసర వార్డు, అంబులెన్స్ రికార్డులతో జత చేయాలి. రెండోది, ఒక ఏడాది ప్రమాదాలు ఎక్కువైన కూడలినే బాగుచేయడానికి ఎంచుకుంటారు. ఏమీ చేయకపోయినా మరుసటి ఏడాది అక్కడ ప్రమాదాలు తగ్గే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే ఆ ఒక్క ఏడాది యాదృచ్ఛికంగా పెరిగింది. ముందు మూడు నుంచి ఐదేళ్ల సగటు తీసుకుని, బాగుచేయని అలాంటి కూడళ్లతో పోల్చితేనే నిజం తెలుస్తుంది.

ఈ యాదృచ్ఛికపు ఊగులాట వార్డు స్థాయిలో ప్రతి సూచికనూ పట్టుకుంటుంది. ఒక వార్డులో ఏడాదికి 10 మరణాలు నమోదైతే దాని వెనకున్న అసలు స్థాయి 4.8 నుంచి 18.4 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. వచ్చే ఏడాది 7 వస్తే మెరుగుపడిందని రాయడానికి ఆధారం లేదు. ఐదేళ్లవి కలిపి 50 అయితే అవధి 37 నుంచి 66కు కుదించుకుపోతుంది, అప్పుడు మాట్లాడుకోవచ్చు. అందుకే చిన్న ప్రాంతాలకు మరణాలను వార్షికంగా కాక ఐదేళ్ల గుత్తిగా చూపండి. అంత ఆగలేమంటే ఎక్కువగా జరిగే సంఘటనలను ఎంచుకోండి: పిల్లల ఊపిరితిత్తుల సమస్యలతో వచ్చే ఔట్ పేషెంట్లు, విరేచనాల కేసులు, అంబులెన్స్ కాల్స్. సర్వే చేయాలన్నా నమూనా పరిమాణం ముందే లెక్కకట్టుకోవాలి. ఒక సమస్య 20 శాతం నుంచి 15కు తగ్గిందని నమ్మకంగా చెప్పాలంటే ముందు 900 మంది, తర్వాత 900 మంది కావాలి. వీధులను గుంపులుగా ఎంచుకుంటే ఒకే వీధివారు ఒకేలా ఉంటారు కనుక దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. రెండు వందల మందితో చేసిన సర్వే ఐదు శాతం తేడాను పట్టుకోలేదు. తేడా కనిపించలేదంటే తేడా లేదని కాదని నివేదికలో స్పష్టంగా రాయాలి.

వయసు సర్దుబాటు చేయని రేటును ఎక్కడా వాడవద్దు. 10,000 మందిలో 9,000 మంది పడుచువాళ్లు, 1,000 మంది వృద్ధులు. పడుచువాళ్లలో వెయ్యికి 2, వృద్ధుల్లో వెయ్యికి 40 మరణాలు. మొత్తం 58. కొత్త అపార్ట్‌మెంట్లు వచ్చాయి, వృద్ధులు 500 అయ్యారు, పడుచువాళ్లు 9,500. రేట్లు ఏమాత్రం మారలేదు. అయినా మరణాలు 39కి పడిపోయాయి, మూడో వంతు తగ్గుదల! ఒక్కరి ఆరోగ్యమూ బాగుపడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణిక జనాభాను (ఏ వయసువారు ఎంత శాతమో చెప్పే స్థిరమైన నమూనాను) గానీ, ప్రణాళిక మొదలైననాటి మీ నగర జనాభాను గానీ ఆధారంగా తీసుకుని రెండు కాలాలకూ అదే వాడండి.

ఇదే ఉదాహరణలో ఇంకా పెద్ద ప్రమాదం దాగి ఉంది, దాన్ని వయసు సర్దుబాటు కూడా సరిచేయదు. ప్రాంతం అభివృద్ధి అయ్యాక అద్దెలు పెరిగి పాతవాళ్లు వెళ్లిపోతారు, ఆరోగ్యంగా ఉన్న, ఆదాయమున్న కొత్తవాళ్లు వస్తారు. ఆ ప్రాంతపు ఆరోగ్య సూచికలన్నీ ఒక్కసారిగా బాగుపడతాయి. జనం బాగుపడలేదు, మారిపోయారు. ఒక బస్తీని ఖాళీ చేయించి ఊరి చివరకు తరలించి, ఖాళీ అయిన చోట క్షయ తగ్గిందని చూపించే నివేదిక అబద్ధం కిందే లెక్క. దీనికి మందు ఒకటే: పని మొదలయ్యేనాటికి అక్కడ ఉంటున్న కుటుంబాల జాబితా తయారుచేసి, వాళ్లు ఎక్కడికి వెళ్లినా రెండేళ్లకోసారి వాళ్లనే మళ్లీ కలవడం. ఖర్చవుతుంది, కొందరు దొరకరు. అందరినీ పట్టుకోలేకపోతే 400 కుటుంబాల నమూనానైనా పట్టుకోండి, మొదటి రోజే రెండు ఫోన్ నంబర్లు, ఒక బంధువు చిరునామా తీసుకోండి. తరలించిన ప్రతి కుటుంబానికీ పనికి వెళ్లే దూరం, ఆస్పత్రికి పట్టే సమయం, పిల్లల బడి, తాగునీటి మూలం అడగాలి. తరలింపు ఉన్న ఏ ప్రణాళికకైనా ఇది లేకుండా ఆరోగ్య మదింపు పూర్తయిందని నేను ఒప్పుకోను.

చిరునామాల గురించి కూడా చెప్పాలి. ఆస్పత్రి లెక్కల్ని ఆస్పత్రి ఉన్న వార్డుకు కాక రోగి ఉండే వార్డుకు చేర్చాలి. పెద్దాసుపత్రి ఉన్న వార్డు ఎప్పుడూ జబ్బుల వార్డుగా కనిపించడం ఈ పొరపాటువల్లే. చిరునామాలను పటం మీదకు ఎక్కించేటప్పుడు దొరకనివి ఎక్కువగా ఇంటి నంబర్లు లేని బస్తీలవే. వాటిని వదిలేస్తే పేదల జబ్బులే లెక్కలోంచి జారిపోతాయి. ఎంత శాతం చిరునామాలు కలిశాయో ప్రాంతాలవారీగా రాయండి. 85 శాతం లోపు ఉన్న ప్రాంతాలకు ఫలితం ప్రకటించే ముందు ఆశా, అంగన్‌వాడీ తరహా క్షేత్ర సిబ్బందితో కూర్చుని గుర్తుల ఆధారంగా మిగతావి పూరించండి.

అమలు తర్వాత మదింపుకు "ముందు, తర్వాత" పోలిక చాలదు. ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో 1990 సెప్టెంబరులో పొగ ఎక్కువగా వచ్చే బొగ్గు అమ్మకాన్ని నిషేధించారు. గాలిలో నల్లపొగ దాదాపు 70 శాతం తగ్గింది. నిషేధానికి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు పోల్చి 2002లో వచ్చిన అధ్యయనం శ్వాసకోశ మరణాలు 15.5 శాతం, గుండె, రక్తనాళాల మరణాలు 10.3 శాతం తగ్గాయని చూపింది. 2013లో దాన్నే, నిషేధం లేని ప్రాంతాల ధోరణితో పోల్చి మళ్లీ విశ్లేషించారు. శ్వాసకోశ మరణాల తగ్గుదల నిలిచింది. గుండె మరణాల తగ్గుదల నిలవలేదు, ఎందుకంటే ఆ ఏళ్లలో గుండె మరణాలు నిషేధం లేని చోట్ల కూడా తగ్గుతూ వచ్చాయి. నిషేధం మంచిదే, ఆ ఫలితం నిజమే. కానీ పోల్చే ప్రాంతం లేకపోతే దేశమంతా వచ్చిన మార్పును కూడా మన ఖాతాలో వేసుకుంటాం. 1996 ఒలింపిక్స్ సమయంలో అట్లాంటాలో వాహనాలు తగ్గి పిల్లల ఆస్తమా తగ్గిందన్న ఫలితానికీ ఇలాంటి పరీక్షే ఎదురైంది. ఆ వారాల్లో ఓజోన్ (ఆస్తమాను రెచ్చగొట్టే వాయువు) చుట్టుపక్కల ప్రాంతాల్లో కూడా తగ్గిందని తర్వాతి విశ్లేషణలో బయటపడింది, అంటే ఆ తగ్గుదలను నగరంలో వాహనాలు తగ్గడం ఖాతాలోనే వేయలేం.

కాబట్టి ప్రతి ప్రతిపాదనకూ పోల్చే ప్రాంతాన్ని ముందే ఎంచుకోండి. జనసాంద్రత, ఆదాయం, వయసు, ఇప్పటి ఆరోగ్య స్థాయి దగ్గరగా ఉండాలి. మరీ ముఖ్యంగా గత ఐదేళ్ల ధోరణి సమాంతరంగా ఉండాలి. పక్కనే ఆనుకుని ఉన్న వార్డు వద్దు, మళ్లించిన వాహనాలు వెళ్లేది అందులోకే. అక్కడ గాలి చెడిపోతే మీ దగ్గర బాగుపడినట్టు ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. ఆనుకున్న వార్డును పోలికకు కాక, నష్టం జరిగిందా అని చూడటానికి విడిగా కొలవండి. ప్రణాళిక దశలవారీగా అమలైతే అదృష్టమే. మూడో దశలో వచ్చే ప్రాంతాలు మొదటి దశకు సహజంగా పోల్చే ప్రాంతాలవుతాయి.

కాలం విషయంలో ఓపిక అవసరం. వేగం, శబ్దం, ధూళి, గాయాలు ఏడాదిలోపే కదులుతాయి. ఆస్తమా దాడులు, విరేచనాలు, డెంగీ ఒకటి రెండు సీజన్లలో తెలుస్తాయి, కానీ వాటికి సీజన్ ప్రభావం బలంగా ఉంటుంది కనుక ఎప్పుడూ అదే నెలలతో అదే నెలలను పోల్చాలి. నడక వల్ల వచ్చే లాభం పూర్తిగా చేరడానికి హీట్ సాధనం కూడా ఐదేళ్లు ఇస్తుంది. మధుమేహం, గుండె జబ్బు పదేళ్ల మాట, క్యాన్సర్ ఇంకా దూరం. మూడేళ్ల సమీక్షలో క్యాన్సర్ రేటు పెట్టి "ప్రభావం లేదు" అని రాస్తే అది చదివేవారిని తప్పుదారి పట్టిస్తుంది.

గాలి కొలత గురించి కొంచెం. చవక సెన్సర్లు తేమ పెరిగితే ధూళిని ఎక్కువగా చూపిస్తాయి. వాటిని పెట్టే ముందు ప్రామాణిక కేంద్రం పక్కన కనీసం రెండు వారాలు నిలిపి సరిదిద్దండి, ప్రతి సీజన్‌లో మళ్లీ చేయండి. గాలి పీల్చే మూతి నేల నుంచి ఒకటిన్నర, నాలుగు మీటర్ల మధ్య ఉండాలి. మేడ మీద పెడితే వచ్చేది కింద నడిచేవారి గాలి కాదు. తర్వాత, నగరంలోని కేంద్రాల సగటు తీయడం కాకుండా ఎక్కడ ఎంతమంది ఉంటున్నారో దాన్నిబట్టి సగటు కట్టండి. జనం లేని అటవీ అంచు, నీటి తీరం కలిపిన సగటు నగరాన్ని పరిశుభ్రంగా చూపిస్తుంది.

నగరమంతటి సగటు తగ్గి, ఒక వర్గానికి పెరిగే సందర్భం పట్టణ ప్రణాళికలో చాలా మామూలు. బైపాస్ వల్ల గాలిలో ధూళి నగర సగటు 48 నుంచి 42కు దిగి, ఆ బైపాస్ పక్కనున్న కాలనీలో 50 నుంచి 58కి పెరగొచ్చు. అందుకే ప్రతి సూచికనూ ఆదాయం ప్రకారం ఐదు భాగాలుగా, ఇంకా పిల్లలు, వృద్ధులు, వికలాంగులు, అద్దెకుండేవారు అని విడదీసి చూపండి. తేడాను రెండు రకాలుగా ఇవ్వాలి. ఒక జబ్బు రేటు పైవర్గంలో 10 నుంచి 5కు, కిందివర్గంలో 30 నుంచి 20కి తగ్గితే అంతరం 20 నుంచి 15కు తగ్గింది, కానీ నిష్పత్తి మూడు రెట్ల నుంచి నాలుగు రెట్లకు పెరిగింది. ఏదో ఒకటే చెబితే మనకు నచ్చింది చెప్పినట్టవుతుంది.

అన్నిటినీ కలిపి ఒక్క "ఆరోగ్య స్కోరు" ఇవ్వమని అడుగుతారు. ఇవ్వకండి. బరువులు ఎవరు నిర్ణయించారన్న దగ్గరే మదింపు కుప్పకూలుతుంది. పార్కులకు వచ్చిన మార్కులు పిల్లల ఆస్తమాకు పోయిన మార్కులను కప్పేస్తాయి. ఒకవేళ తప్పదంటే బరువులు మూడు రకాలుగా మార్చి, ప్రత్యామ్నాయాల వరుస మారుతుందో లేదో చూపండి. మారితే ఆ స్కోరు మీద ఏ నిర్ణయమూ నిలబడదు.

మదింపు దశల క్రమం కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ఆరోగ్య ప్రభావ అంచనాకు 1999 గోథెన్‌బర్గ్ ఏకాభిప్రాయ పత్రం నుంచి వస్తున్న వరుసే ఉంది: అవసరమా అని వడపోత, పరిధి నిర్ణయం, అంచనా, సిఫార్సులు, పర్యవేక్షణ. అన్నిటికంటే తక్కువ గౌరవం దొరికేది పరిధి నిర్ణయానికే, ఎక్కువ సమయం ఇవ్వాల్సింది కూడా దానికే. ఆ దశలో ప్రణాళిక విభాగం, ఆరోగ్య విభాగం, ట్రాఫిక్, నీటి సరఫరా ఇంజినీర్లతో పాటు ఆ వీధుల్లో ఉండేవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. రాత్రి కాలువ ఎప్పుడు పొంగుతుందో, బడి పిల్లలు రోడ్డు ఎక్కడ దాటుతారో ఏ డేటాబేస్‌లోనూ ఉండదు. పరిధికి ఆరు వారాలు, బేస్‌లైన్‌కు (పని మొదలుకాక ముందటి స్థితిని కొలవడానికి) పూర్తి ఏడాది ఇవ్వండి, అన్ని సీజన్లూ రావాలి కనుక. అంచనాకు మూడు నెలలు చాలు.

మీ దగ్గరున్న మూడు లెక్కల్లో ఆస్పత్రి చేరికలు వెంటనే పనికొస్తాయి. వాటిని రోగి నివాసం ప్రకారం విడగొట్టి, గత ఐదేళ్లవి, శ్వాసకోశ, గాయాలు, విరేచనాలు అనే మూడు గుత్తులుగా నెలవారీ తీయించండి. శిశు మరణాలను కూడా ఐదేళ్లవి కలిపి, వార్డుల్ని నాలుగైదు పెద్ద ప్రాంతాలుగా చేర్చి చూడండి. ఆయుర్దాయం నేపథ్యానికి ఉంచండి. ముసాయిదా పటం మీద మూడు అతిపెద్ద ప్రతిపాదనలను ఎంచుకుని వాటికి గొలుసులు రాయడం ఈ వారమే మొదలుపెట్టొచ్చు, దానికి డేటా అక్కర్లేదు. బేస్‌లైన్ కొలతలు టెండర్లు పిలిచే ముందే మొదలవ్వాలి. యంత్రాలు దిగాక తీసిన ధూళి లెక్క బేస్‌లైన్ కాదు.